సూరాయమ్మ రాని పందెం

జనవరి 9, శుక్రవారం. కబ్ద్

సూరాయమ్మ వస్తోంది.

నేను పనిచేసే అరబ్బు ఇంటివాళ్ళ ఎడారి తోటలో అందరూ మాంసం, అన్నం తిని పడుకున్నారు. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని రాస్తున్నాను. పొద్దున ఇంటివాళ్ళ అమ్మాయి దానాను ఇసకలో పరుగెత్తిస్తుంటే ఆ పిల్లే ఫోన్ చూపించింది. వచ్చే నెల సముద్రం రోడ్డు మీద పది కిలోమీటర్ల పందెం. బయటి దేశాల నుంచి పిలిచిన ఆడవాళ్ళ పేర్లలో మా సూరాయమ్మ పేరు! "ఈమె నీకు తెలుసా?" అని అడిగింది. తెలుసా ఏమిటి, ఆరేళ్ళు ఒకే స్పోర్ట్స్ హాస్టల్లో, పైమంచం కిందమంచం. దాని జడ నేనే వేసేదాన్ని.

దానా వాళ్ళ అమ్మకు, నేను మామా అని పిలిచే ఇంటావిడకు, చెప్పింది. మామా కాఫీ తాగుతూ నమ్మలేదు. ఫోన్‌లో పాత ఫొటో చూపించాక నన్ను కొత్తగా చూసింది. ఇంట్లో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి మోకాలు పోకముందు ఒక పేరుండేదని ఆవిడకు ఇవాళే తెలిసింది. ఉన్నట్టుండి, "ఆమె మన ఇంటికి భోజనానికి రావాలి" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "ఆమె కూర్చుని తింటుంటే నువ్వు పళ్ళెం పట్టుకుని నిలబడితే నాకే సిగ్గు. ఆమె పక్కనే కూర్చో. ఆమె వెళ్ళేటప్పుడు నువ్వూ ఆమెతో పాటే మీ ఊరు వెళ్ళిపో. పాస్‌పోర్టు నా చేత్తో ఇస్తాను. ఖలాస్" అంది.

నన్ను ఒక్క మాటైనా అడగకుండా మొన్న ఇఖామా, అదే ఇక్కడుండే అనుమతి, ఇంకో రెండేళ్ళకు కట్టించిన మనిషి ఈవిడే. పంపించమని ఎన్నిసార్లు అడిగాను! అప్పుడు రాని మాట, ఇంటికి పేరున్న చుట్టం వస్తోందంటే వచ్చింది. రానీ. ఎలా వస్తే ఏం, మాట వచ్చింది కదా.

దానాను ఇంకో రెండు రౌండ్లు పరుగెత్తించాను. పాపం, తిట్టుకుంది.

జనవరి 10

మామా ఇచ్చిన మాట ఎవరికీ చెప్పను. సూరాయమ్మకు అసలే చెప్పను. పందెం ముందు ఫలితం పలికితే కాలు పట్టేస్తుందని హాస్టల్లో మా అందరికీ నమ్మకం. జిల్లా పోటీల ముందు రోజు నేను వాగాను, మర్నాడు మూడో ల్యాప్‌లో పిక్క పట్టేసింది. ఇంకోసారి ఆ తప్పు చేయను.

జనవరి 13

హాస్టల్లో మాకు పరుగు నేర్పిన సోమేశ్వరరావు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన గొంతు వింటే ఇప్పటికీ నిటారుగా నిలబడతాను, ఇస్త్రీ గదిలో అయినా సరే.

"ఏమ్మా దుర్గా, ఆడపిల్లలకి ట్రైనర్ పోస్టొకటి వచ్చిందమ్మా మన హాస్టల్‌కి. కాంట్రాక్టే అనుకో. నీ పేరే రాసేశాను. ఈ నెల కాక వచ్చే నెలాఖరుకి వచ్చి చేరిపోవాలి మరి. ఆ తర్వాత నేను రిటైరైపోతాను, నా మాట ఎవరు వింటారు?"

"ఆయ్, వచ్చేస్తానండి మాస్టారూ."

"ఎలా వస్తావమ్మా? పంపుతారా నిన్ను?"

"వచ్చేస్తానండి" అన్నాను. అంతకంటే చెప్పలేదు. నాలుక చివర దాకా వచ్చింది.

ఫోన్ పెట్టాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మాస్టారు మాకు పరుగే కాదు, నవ్వడం కూడా నేర్పారు. ఆదివారాలు మెస్సు బల్లలు మూడు ఎత్తుల్లో వేయించి, వరసగా ఎక్కించి, బిస్కెట్ ప్యాకెట్‌కు తాడు కట్టి పతకంలా మెడలో వేసేవారు. "మెడలో పడగానే నవ్వాలమ్మా. ఏడిస్తే ఫొటో పాడైపోద్ది. పేపర్లో వేసేది ఆ ఒక్క ఫొటోనే" అనేవారు. ఒకటో బల్ల మీద ఎవరైనా నవ్వుతారు. మూడో బల్ల మీద నిలబడి నవ్వడమే కష్టం. అందుకని మూడో బల్ల వాళ్ళతో ఎక్కువసార్లు చేయించేవారు. ఒకటో బల్ల సూరాయమ్మది. మూడోది నాది. చివరికి ఎంత అలవాటైందంటే, మెడకు ఏది తగిలినా నా పెదాలు వాటంతటవే సాగేవి. బట్టలు ఆరేసే తాడు తగిలినా సరే.

ఆ బల్లలు ఇంకా ఉన్నాయేమో. ఈసారి పిల్లల్ని నేను ఎక్కిస్తాను.

జనవరి 16, శుక్రవారం

పక్కింట్లో పనిచేసే రెడ్డెమ్మ వాళ్ళమ్మ పోయింది. రాయచోటిలో, నిన్న సాయంత్రం. చెత్త పారేసే వంకతో వెనక గోడ దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. అందుకే భయమేసింది.

"మా ఇంటి కఫీల్‌ను అడిగినా అక్కా. రంజాన్ పండగ అయినాక పంపిస్తాడంట. ఇప్పుడు ఇంట్లో పని జాస్తి అంట. అంతవరకూ మాయమ్మను పెట్టుకోని ఉంటారా అక్కా ఆడ?"

గోడ మీద చెయ్యి పెడితే పట్టుకుంది. లోపల్నుంచి పిలుపు వచ్చింది, వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చేసరికి సూరాయమ్మ వాయిస్ మెసేజ్. "ఒసేయ్ దుర్గా, నాతో పరిగెట్టేవాళ్ళు ముగ్గురు నలుగురు ఈ పందేనికి రామంటున్నారే. ఆ దేశంలో పనివాళ్ళ చట్టం బాగోదంట, అందుకని. నన్నూ రావద్దంటున్నారు. నిజవేనా? నువ్వక్కడే ఉన్నావు కదా, నువ్వే చెప్పు."

చెప్పాను. నోటికి ఎంత వస్తే అంత చెప్పాను. కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, సంతకం లేందే ఇల్లు మారలేమని చెప్పాను. చెప్పకుండా గడప దాటితే పారిపోయిందని కేసు పెడతారని, కేసు పడితే పోలీసులు పట్టుకుని వేలిముద్రలు తీసి, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనీయకుండా పంపేస్తారని చెప్పాను. పాస్‌పోర్టు మన దగ్గరే ఉండాలని చట్టంలో రాసి ఉన్నా అది వాళ్ళ బీరువాలోనే ఉంటుందని చెప్పాను. రెడ్డెమ్మ వాళ్ళమ్మ గురించి చెప్పాను. "ఒక మనిషి గడప దాటాలంటే ఇంకో మనిషి సంతకం కావాలే ఇక్కడ" అన్నాను. ఇస్త్రీపెట్టె చల్లారిపోయింది.

చెప్పాక గుండె తేలికైంది. సూరాయమ్మ విన్నట్టు రెండు టిక్కులూ నీలమయ్యాయి. జవాబు రాలేదు. ప్రాక్టీసుకు పోయి ఉంటుంది.

జనవరి 19

రావడం లేదు.

వీడియో పెట్టింది. ప్రాక్టీసు బట్టల్లోనే ఉంది, చెమట కూడా తుడుచుకోలేదు. "ఒక మనిషి గడప దాటాలంటే ఇంకో మనిషి సంతకం కావాల్సిన చోట నేను పరుగెత్తలేను. అక్కడున్న నా స్నేహితురాలు చెప్పిన మాట ఇది. ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ళ కోసం ఈ పందెం మానుకుంటున్నాను" అంది. నా మాట. అక్షరం పొల్లుపోలేదు. తల్లి పోయినా పంపని రెడ్డెమ్మ సంగతి కూడా, పేరు లేకుండా, చెప్పింది.

తర్వాత నాకు విడిగా: "నీ కోసమేనే. ఇన్నాళ్ళూ ఏమీ చేయలేకపోయాను."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. నాకు పూజారి కూడా ఇస్తానంది. వద్దని నేనే నోరారా చెప్పుకున్నాను.

జనవరి 20

పిక్క పట్టేసింది. మాటవరసకు కాదు. మెట్లు దిగుతుంటే నిజంగానే పట్టేసింది.

జనవరి 21

మామా పిలిచింది. వీడియో చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆ స్నేహితురాలు నువ్వేనా?"

"నాకు తెలీదు మామా. ఆమెకు ఇక్కడ చాలామంది తెలుసు."

"నేను నిన్ను కొట్టానా? తిండి పెట్టలేదా? జీతం ఆపానా?"

లేదు. ఏదీ లేదు. నిరుడు జ్వరం వస్తే పక్కన కూర్చుని చారు తాగించింది కూడా. మామా చెడ్డది కాదు. ఆ చట్టం ఉన్నంతకాలం ఆవిడ మంచిదైతే నేను బతుకుతాను, చెడ్డదైతే చస్తాను. రెండింటిలోనూ నా చేతిలో ఏమీ లేదు. ఇదంతా అరబ్బీలో నేను చెప్పలేను. తెలుగులోనైనా చెప్పగలనని కాదు.

"ఆమె వస్తే ఆమెతో పంపిస్తానన్నాను. ఆమె రాలేదు. ఇక నా మాట లేదు" అంది మామా. లెక్కకు సరిగ్గానే ఉంది.

బయటికి వస్తే మెట్ల మీద దానా కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది. "నేను చేశానా ఆ చట్టం? అదే రోజు నేనూ మొదటిసారి పందెంలో పరుగెత్తబోతున్నాను. ఇప్పుడు నేను పరుగెత్తడం కూడా తప్పేనా దుర్గా?" అంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఇసకలో నా వెనక పడి పడి అడుగు నేర్చుకుంది. తప్పు కాదన్నాను. అబద్ధం చెప్పానో నిజం చెప్పానో నాకే తెలియదు.

జనవరి 23, శుక్రవారం

ఈసారి కబ్ద్ వెళ్ళలేదు. డ్రైవరు హుస్సేన్ వలి వంటింట్లో చాయ్ తాగుతూ వీడియో మళ్ళీ పెట్టాడు. కడప మనిషి, ఏదీ దాచుకోడు.

"ఈయమ్మ రాకపోతే ఏమైతాది అక్కా? ఇంగొకామె వచ్చి పరిగెత్తిపోతాది. రోడ్డుకేమన్నా నొప్పా? పాపం ఆ పిల్ల పతకమే పోయ."

"మరి వచ్చి పరుగెత్తితే ఏమవుతుంది?" అన్నాను.

"అప్పుడూ ఏమీ కాదు" అన్నాడు.

మధ్యాహ్నం రెడ్డెమ్మ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. తల్లి పోయాక ఇదే మొదటిసారి అలా చూడటం. ఇటుకమీద ఎక్కి గోడ మీదికి వంగింది.

"అక్కా, మాయమ్మ గురించి చెప్పినావంట కదా! మా వీధిలో పనిచేసే ఆడోళ్ళందరి ఫోన్లలో ఉండాది ఆ ఈడియో. మనకోసరం ఒగామె పరుగు మానుకుండాదంటే నమ్మబుద్ధి కాలేదు మేయ్. మనకోసరం ఎవురన్నా ఒగ పూట అన్నమన్నా మానుకున్నారా ఇంతవరకూ?"

"మానుకుంటే ఏమొస్తుంది రెడ్డెమ్మా?"

"ఏమన్నా రానీ, రాకపోనీ. మనం ఉండామని తెల్సింది కదా."

గోడ అవతల చీపురు పట్టుకుని ఊడుస్తూ ఏదో పాట కూడా ఎత్తుకుంది. నేను వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

జనవరి 24

రేపు సూరాయమ్మకు అసలు సంగతి చెప్తాను. నువ్వొస్తేనే నేను బయటపడతాను, నీ పందెం కంటే నీ భోజనం నాకు ముఖ్యమని చెప్తాను. స్నేహితురాలేగా, తప్పేముంది?

జనవరి 25

చెప్పలేదు. ఇల్లంతా చుట్టాలు. కుదరలేదు.

జనవరి 26

కుదిరింది. చెప్పలేదు.

జనవరి 27

సూరాయమ్మే ఫోన్ చేసింది.

"దుర్గా, మావాళ్ళు బతిమాలేస్తున్నారే. ఇంకా పేరు తీసేయలేదంట, టికెట్టు కూడా అలాగే ఉందంట. మాట తప్పిందని నలుగురూ ఉమ్మేస్తే ఉమ్మెయ్యనీ. నువ్వొక్క మాట అను, వచ్చేస్తాను. నీకు నాతో ఏవన్నా పనుందా? నిజం చెప్పు. నీ గొంతు ఎలాగో ఉంది."

బట్టలు ఆరేసే చోట నిలబడి ఉన్నాను. గోడ అవతల రెడ్డెమ్మ చీపురు చప్పుడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగమని తనే అంటోంది. ఒక్క మాట. "రా" అంటే చాలు. వస్తుంది, తింటుంది, నేను పక్కన కూర్చుంటాను, వెళ్ళిపోతాను. రెడ్డెమ్మ ఫోన్‌లో ఆ వీడియో ఉంటుంది, దాని కింద మాత్రం పరుగెత్తుతున్న సూరాయమ్మ ఫొటో వస్తుంది.

"నాకేం పనే నీతో" అన్నాను. "రావద్దు."

"ఒట్టు?"

"ఒట్టు. వస్తే చంపేస్తాను."

నవ్వింది. పాత నవ్వు, పైమంచం మీంచి తల కిందికి వేలాడేసి నవ్వే నవ్వు. పెట్టేసింది.

రెడ్డెమ్మ కోసం చేశాను. అందరికోసం చేశాను. గొప్ప పనే చేశాను.

కాదు. అడిగాక సూరాయమ్మ ఒక్క క్షణం ఆగుతుందేమో, ఆ ఆగడం నాకు వినబడుతుందేమోనని భయపడ్డాను. ఇదీ నిజమే. ఏది ఎక్కువ నిజమో తేల్చుకోవాల్సిన అవసరం ఇక లేదు.

ఫిబ్రవరి 1

రెడ్డెమ్మ వెళ్ళిపోయింది.

నిన్న గోడ దగ్గర, "ఆయమ్మ పరుగు మానుకున్నెప్పుడు నేను ఈ ఇల్లు మానుకుంటే తప్పేముంది అక్కా?" అంది. వేళాకోళం అనుకున్నాను. పొద్దున చెత్త సంచి పట్టుకుని బయటికి వచ్చి, సంచి డబ్బాలో వేసి, అలాగే నడుచుకుంటూ పోయిందట. మన ఎంబసీకి పోతానని పక్కవీధి ఆవిడతో అందట. హుస్సేన్ వలి చెప్పాడు. "కేసు పెట్టేసినారంట అక్కా. ఇంగ యాడన్నా కనపడితే పట్టుకుంటారు."

ఎంబసీకి చేరిందో లేదో తెలియదు. ఫోన్ మోగడం లేదు.

నేను సూరాయమ్మకు చెప్పాను. సూరాయమ్మ లోకానికి చెప్పింది. లోకం రెడ్డెమ్మకు చెప్పింది. మా ముగ్గురిలో గడప దాటింది ఆ పిల్ల ఒక్కతే.

ఫిబ్రవరి 3

ఫోన్ మోగడం లేదు.

ఫిబ్రవరి 4

లేదు.

ఫిబ్రవరి 7, శనివారం

పందెం రోజు. మామా నన్నూ తీసుకెళ్ళింది, నీళ్ళ పెట్టె, ఖర్జూరాలు మొయ్యాలి కదా. సముద్రం ఒడ్డున షర్క్‌లో చేపల మార్కెట్ దాటాక మొదలు. గాలికి అంత చేపల వాసన వస్తున్నా నాకు ట్రాక్ వాసనే తగిలింది. కాళ్ళకు రాసుకునే నొప్పుల మందు వాసన, కొత్త రబ్బరు వాసన. చాలా ఏళ్ళైంది.

బయటి దేశాల వాళ్ళు వరసలో ఉన్నారు. రానన్న వాళ్ళలో ఇద్దరు వచ్చారని పక్కన ఎవరో అన్నారు. రాదని తెలిసి కూడా ఆ వరసలో సూరాయమ్మ కోసం వెతికాను. అది నిలబడాల్సిన చోటు ఖాళీగా ఏమీ లేదు. పక్కవాళ్ళు జరిగి సర్దుకున్నారు. మైకులో దాని పేరు రాలేదు, రాలేదన్న మాట కూడా రాలేదు. తుపాకీ పేలింది. అందరూ వెళ్ళిపోయారు. హుస్సేన్ వలి చెప్పిందే జరిగింది.

ఆ తర్వాత స్థానిక అమ్మాయిల ఐదు కిలోమీటర్లు. చివర్లో దానా కనిపించింది. భుజాలు బిగబట్టలేదు, చేతులు నడుము దగ్గర, నేను చెప్పినట్టే. ముందు ఇద్దరున్నారు, వెనక ఒకతె తరుముకొస్తోంది. నాకు ఒళ్ళు తెలియలేదు. ఖర్జూరాల పెట్టె అక్కడే పడేసి, కంచె పక్కన దానాతో పాటే పరుగెత్తాను, ఈ పాడు మోకాలితోనే. "ఎత్తు! అడుగెత్తు! యల్లా!" అని అరిచాను. మూడో స్థానం నిలబెట్టుకుంది.

వచ్చి నా మీద పడింది. చెమటతో తడిసిన పిల్ల, గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. అప్పుడే తన మెడలో వేసిన పతకం తీసి నా మెడలో వేసింది. "ఇది నీది" అంది.

నవ్వాను.

మామా ఫొటో తీసింది.

ఫిబ్రవరి 8

ఫొటో మామా అందరికీ పెట్టింది. కింద రాసింది ఏమిటో దానా చదివి చెప్పింది, తల దించుకుని. "ఈమె దుర్గ. మా ఇంట్లో పనిచేస్తుంది. మా దేశానికి రానన్న పరుగుల రాణికి స్నేహితురాలు. మమ్మల్ని తప్పుపట్టే వాళ్ళు ఈ నవ్వు చూడండి."

"తీసేయమని చెప్పాను దుర్గా. వినలేదు" అంది దానా.

ఫొటో చూశాను. అందులో ఉన్న మనిషి నిజంగా సంతోషంగా ఉంది. నేను చూసినా నమ్మేస్తాను.

ఫిబ్రవరి 9

వేలమంది పంచుకున్నారట. మన దేశం వాళ్ళే ఎక్కువ. సూరాయమ్మ వీడియో కింద నా ఫొటో పెట్టి, "నీ స్నేహితురాలు హాయిగా ఉంది, నువ్వే నాటకాలాడావు" అని రాస్తున్నారు. "పేరు కోసం పందెం ఎగ్గొట్టింది" అని కూడా.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. గొంతు కాదు, రాత.

"ఫొటో చూశానే. బాగున్నావు."

అంతే.

ఫిబ్రవరి 10

"మెడలో పడితే నవ్వమని మాస్టారు నేర్పారు కదే. నీకు తెలుసు కదా, మూడో బల్ల మీద నాతో ఎన్నిసార్లు చేయించారో. నీకంటే ఎవరికి తెలుసు?"

రాసి పంపాను. రెండు టిక్కులూ నీలమయ్యాయి.

ఫిబ్రవరి 12

జవాబు లేదు. ప్రాక్టీసుకు పోయి ఉంటుంది.

ఫిబ్రవరి 28

ఉపవాసాల నెల. పగలంతా ఇల్లు నిద్రపోతుంది, రాసుకోవడానికి బోలెడు వేళ ఉంది. రాయడానికే ఏమీ లేదు.

మాస్టారు ఫోన్ చేశారు. "ఆ పోస్టు వేరే పిల్లకి ఇచ్చేశారమ్మా. నేనేం చేసేది?" అన్నారు. తర్వాత, నన్ను ఊరడించాలని కాబోలు, "నీ ఫొటో చూశానమ్మా, ఎవరో పంపారు. ఎంత బాగా నవ్వావు! మర్చిపోలేదన్నమాట" అన్నారు.

"ఆయ్. మర్చిపోలేదండి."

రెడ్డెమ్మ కబురు లేదు. పక్కింట్లోకి కొత్తమ్మాయి వచ్చింది. ఏ దేశమో తెలియదు. గోడ దగ్గర ఇటుక ఇంకా అలాగే ఉంది.

మామా ఆ ఫొటో పెద్దది చేయించి, బంగారు రంగు చట్రం కట్టించి, హాల్లో దానా పతకం పక్కన పెట్టింది. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తుంది. ఇక్కడ ఇసక గాలికి ఎంత మూసిపెట్టినా ఇంట్లోకి దుమ్ము వస్తూనే ఉంటుంది. రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేది నేనే.